తవుడు కుండలో చెయ్యి

వద్దండీ, ఆ నీళ్ళ సీసా నా ముందు పెట్టకండి, మొహమాటంగా ఉంటుంది. పదేళ్ళు ఇదే బిల్డింగులో, ఇదే మూడో అంతస్తులో పని చేశాను. ఈ మీటింగు గదిలోకి ఎప్పుడెప్పుడు వచ్చానో తెలుసా? మీటింగు అయిపోయాక, కప్పులు తియ్యడానికి. ఇవాళేమో కుర్చీ లాగి, సీసా పెట్టి, "ఇనుయి గారూ, దయచేసి కూర్చోండి" అంటున్నారు! ఎంత మర్యాద!

కూర్చుంటాను లెండి. కింద గేటు దగ్గర పావుగంట నిలబడ్డాను, కాళ్ళు లాగుతున్నాయి. నా కార్డుతో ఇప్పుడు తలుపు తెరుచుకోదు కదా. ఆ వాచ్‌మన్ నన్ను పదేళ్ళుగా ఎరిగినవాడే, రోజూ వాన గురించి మాట్లాడుకునేవాళ్ళం. "క్షమించాలి, బయటివాళ్ళ పుస్తకంలో రాయండి" అన్నాడు, తల వంచి మరీ. రాశాను. వచ్చిన పని అనే గడిలో ఏం రాయాలో తెలీక "పిలిచారు" అని రాశాను.

మీరేనా ఎబిసావా గారు? విచారణ సంఘానికి పెద్ద? సంతోషం. మిగతా ఇద్దరూ ఏరీ? ఓహో, భోజనానికి వెళ్ళారా. వెళ్ళనివ్వండి పాపం. మా ల్యాబు పెద్ద మునకతా ప్రొఫెసర్ గారి వాంగ్మూలానికి ముగ్గురూ కూర్చున్నారట, నాలుగు గంటలట. నాకు ఒకరు చాలు.

ఆ నల్ల డబ్బా ఎర్రగా వెలుగుతోందేం? రికార్డవుతోందా? నేను దగ్గినా రికార్డవుతుందా? సరే సరే, అడగండి.

పేరు ఇనుయి తొమీ. వయసు అరవై ఒకటి. ఉద్యోగమా? ఆ గడిలో ఏం రాస్తే బావుంటుందో మీరే చెప్పండి. మార్చి ముప్ఫై ఒకటి సాయంత్రం అయిదున్నర దాకా టెక్నీషియన్ని. అయిదు ముప్ఫై ఒకటికి ఏమీ కాను. "లేదు" అని రాసుకోండి, చిన్న మాట, గడిలో పడుతుంది.

ఎందుకు తీసేశారంటారా? అయ్యో, తియ్యలేదండీ! ఎవరూ ఎవర్నీ తియ్యలేదు. కాంట్రాక్టు "పూర్తయింది". పదేళ్ళు దాటితే పర్మినెంటు చెయ్యమని అడిగే హక్కు వస్తుందని చట్టం కదా? అందుకని దాటకుండా చూసుకున్నారు. సరిగ్గా గీత మీద ఆపారు, అంగుళం తేడా రాలేదు. ఆ శ్రద్ధ మా ప్రయోగాల్లో ఉంటే మీకివాళ ఈ శ్రమ ఉండేది కాదు.

మీరు ఏ శాఖండీ? కాంక్రీటా! నలభై ఏళ్ళు వంతెనల కాంక్రీటు పరీక్షించారా! భేష్. కణాల గొడవ తేల్చడానికి కాంక్రీటు పెద్దమనిషిని వెతికి తెచ్చారు. వెక్కిరించడం లేదు బాబూ, బయటివాళ్ళకి పక్షపాతం ఉండదని కదా నియమం పెట్టారు. అసలు సంగతే తెలియనప్పుడు పక్షపాతం ఎక్కణ్ణుంచి వస్తుంది? మంచి నియమమే.

అయితే ఒక్క నిమిషం నేను చెప్తాను, వినండి. తర్వాత మీ ప్రశ్నలు మీకే సులువవుతాయి.

మీ మోచేతి లోపలి చర్మం నుంచి మిరియపు గింజంత ముక్క కోస్తారు. డిష్‌లో పెట్టి గులాబీ రంగు నీళ్ళు పోస్తారు. మీడియం అంటారు, నేను నీళ్ళే అంటాను, కణాల తిండి అది. వారం తిరిగేసరికి ఆ ముక్కలోంచి చర్మకణాలు పాక్కుంటూ బయటికొస్తాయి. పొడుగ్గా, చేపపిల్లల గుంపులా ఒకే వైపుకి తిరిగి ఉంటాయి. అవి పెద్దయిపోయిన కణాలు. పెళ్ళయి, ఇల్లు కట్టుకుని, ఉద్యోగంలో కుదురుకున్న మనిషిలాగ. ఇక చర్మంగానే పుట్టాం, చర్మంగానే పోతాం అనుకుంటాయి.

వాటిని నరాల కణాలుగా మార్చాలంటే మామూలుగా ఏం చేస్తారు? ముందు వెనక్కి తీసుకెళ్ళి పసికందుని చేస్తారు. మళ్ళీ మొదట్నుంచీ పెంచుతారు. నెలలు పడుతుంది. మా ల్యాబులో ఆ పసితనం లేదు. నాలుగు మందులు, మూడు వారాలు, చర్మం నేరుగా నరం అయిపోతుంది. అటూ ఇటూ చేతులు చాచుకుని, పక్కవాటిని వెతుక్కుంటూ... మొదటిసారి మైక్రోస్కోపులో చూసినప్పుడు నేను గట్టిగా అరిచాను. ఆ ప్రయోగం నడిపే కుజిరాయి మేడమ్ పరిగెత్తుకొచ్చి, తనూ చూసి, తనూ అరిచింది. ఇద్దరం చేతులు పట్టుకుని చిన్నపిల్లల్లా గెంతాం.

కాంక్రీటుకి ఈ సుఖం లేదు కదండీ? ఒకసారి గట్టిపడిందంటే అంతే.

నాకు మాత్రం ఆ కణాల్ని చూస్తే ఆశ్చర్యం కంటే ఎక్కువ, సొంతవాళ్ళని చూసినట్టుండేది. ఎందుకంటారా? నేను ఇరవై ఆరేళ్ళు బడి భోజనాలు వండే కేంద్రంలో వంటమనిషిని. రోజుకి పద్దెనిమిది వందల మంది పిల్లలకి. ఆ కేంద్రం మూసేశారు. యాభై ఒకటో ఏట ఇక్కడ గాజు సామాను కడగడానికి చేరాను. ఒకరోజు కణాలు చూసే అమ్మాయి పురిటికి వెళ్ళింది. కుజిరాయి మేడమ్ సింకు దగ్గరికొచ్చి నా చేతులు తిప్పి చూసింది. "ఇనుయి గారూ, మీరు గాజు సామాను ఆరబెట్టే వేడిగాలి ముందు కూడా చేతులు కదపకుండా పట్టుకుంటారు. నాతో రండి" అంది.

తనే నేర్పింది. పిపెట్ ఎలా పట్టుకోవాలో, ఊపిరి ఎటు వదలాలో, అన్నీ. ముప్ఫై ఏళ్ళు కూడా లేవు అప్పుడు తనకి. నేను వెనక్కి వెళ్ళి కాలేజీ చదవలేదు, పరీక్ష రాయలేదు. వంటమనిషి నేరుగా కణాల మనిషి అయిపోయింది. మునకతా ప్రొఫెసర్ గారు వచ్చిన అతిథులందరికీ చెప్పేవారు, "మా దగ్గర కణాలే కాదు, మనుషులు కూడా మారతారు" అని. అందరూ నవ్వేవారు. నేను టీ కప్పులు పెట్టి నవ్వేదాన్ని.

ఆఁ, వస్తున్నా, అసలు ప్రశ్నకే వస్తున్నా. "అంకెలు మార్చమని కుజిరాయి మీకు ఎప్పుడైనా చెప్పిందా?" అదేగా మీ కాగితంలో ఉంది? తలకిందులుగా కూడా చదవగలనండీ, వంటింట్లో చీటీలు అలాగే చదివేవాళ్ళం.

లేదు. చెప్పలేదు. నూటికి నలభై కణాలు నరాలయ్యాయని వ్యాసంలో రాసింది. అయ్యాయి కాబట్టి రాసింది. లెక్కపెట్టింది నేనే. డిష్ డిష్‌కీ, మూడుసార్లు.

మరి నేను వెళ్ళిపోయాక ఒక్కటి కూడా ఎందుకు కావడం లేదంటారా?

ఆహా. మంచి ప్రశ్న. ఏప్రిల్‌లో కుజిరాయి మేడమ్ చేసింది, రాలేదు. మే నెలలో ఇద్దరు విద్యార్థులు చేశారు, నూటికి రెండు. బయటి దేశాల వాళ్ళు చేశారు, వాళ్ళకీ అంతే. ఇంకేముంది, ఎవడో పేరు లేని పెద్దమనిషి ఉత్తరం రాశాడు, ఫొటోలు దొంగవని. పత్రికలవాళ్ళు వచ్చారు. మునకతా గారు కెమెరాల ముందు నడుం వంచి ఎనిమిది సెకన్లు అలాగే ఉన్నారు. నేను టీవీలో లెక్కపెట్టాను. "కింది పరిశోధకురాలిని అతిగా నమ్మడం నా లోపం" అన్నారు. ఎంత బాగా వంగారో! అంత వయసులో నడుం అలా వంగడం మాటలు కాదు.

ఆ కింది పరిశోధకురాలు మాత్రం వంగలేదు. "నేను చూశాను. అవి నరాలే" అంది. అంతే, ఇంకేం మాట్లాడలేదు. ఇప్పుడు మీరు మోసమని తేలిస్తే తన డిగ్రీ పోతుంది, ఉద్యోగం పోతుంది, ఇక ఏ ల్యాబూ గుమ్మం తొక్కనివ్వదు. అంతేనా? ఈ నెలాఖరుకి నివేదిక అంటున్నారు కదూ.

సరే. మీరు ఊరగాయలు తింటారా?

నవ్వకండి, సంబంధం ఉంది. తవుడులో ఊరేసినవి. మీ ఇంట్లో ఉందా తవుడు కుండ? షాపులో కవర్లలో కొంటారా! మీ ఆవిడకి తీరిక లేదేమోలెండి.

నేను పెళ్ళయి వచ్చిన మర్నాడు మా అత్తగారు వంటింట్లో నేల కింది అరలోంచి కుండ తీసి, "చెయ్యి పెట్టు" అంది. తడి తవుడు, ఉప్పు, మిరపకాయ, కొంబు అనే సముద్రపు నాచు. పులిసిన వాసనకి ముక్కు పగిలిపోయింది. ఇరవై నాలుగేళ్ళ పిల్లని, కొత్త గోళ్ళరంగు వేసుకుని ఉన్నాను. చెయ్యి మోచేతిదాకా దింపి అడుగునుంచి పైకి కలపాలి. రోజూ. ఒక్కరోజు మానితే మర్నాడే అలుగుతుంది. వంకాయ పెట్టు, దోసకాయ పెట్టు, ముల్లంగి పెట్టు, తీసుకో, తిను. తవుడు తగ్గితే కొత్తది కలుపు. కానీ పాతది మాత్రం ఎప్పుడూ మొత్తం పారబొయ్యకు. "నీ చేతిలో ఉన్నదీ, నా చేతిలో ఉన్నదీ, మా అత్తగారి చేతిలో ఉన్నదీ అన్నీ దీన్లో ఉన్నాయి. కొత్త తవుడుకి ఏం తెలుసు? పాతది దానికి చెప్పాలి" అనేది.

పెళ్ళయిన కొన్నేళ్ళకి, ఆ పెద్ద భూకంపం వచ్చిన తెల్లవారుజామున ఇల్లు ఒక పక్కకి ఒరిగిపోయింది. మా ఆయన నన్ను లాగాడు. నేను మా పిల్లని బట్టలు పట్టుకుని లాగాను. మా అత్తగారు బ్యాంకు పుస్తకం వదిలేసి కుండ పట్టుకుని బయటికొచ్చింది, నైటీ మీద. జనవరి చలిలో బడి జిమ్నేజియంలో పడుకుని కూడా అందులో చెయ్యి పెట్టి కలిపేది. చుట్టుపక్కలవాళ్ళు వాసన అని గొణిగారు. రెండో వారం నుంచి వాళ్ళే ముల్లంగి తెచ్చి ఇచ్చారు, దీన్లో పెట్టండి అని.

ఇదెందుకు చెప్తున్నానంటే... ఆ డబ్బా ఇంకా వెలుగుతోందా? మంచిది.

మందులు వేసిన మొదటి పది రోజులు రోజు విడిచి రోజు ఆ గులాబీ నీళ్ళు మార్చాలి. పద్ధతి కాగితంలో ఏముందో చదివారా? "మొత్తం". చుక్క మిగలకుండా తీసేసి, రెండుసార్లు కడిగి, కొత్తవి పొయ్యాలి. మందు పడ్డాక సగం కణాలు చస్తాయి కదా, వాటి చెత్త మిగతావాటికి విషం అని. పుస్తకాల్లో అలాగే ఉంది. నరాలయ్యాక సగం మార్చడం ప్రపంచమంతా చేస్తారు. కానీ ఆ మొదటి పది రోజులు మాత్రం మొత్తం.

నేనూ ఏడాదిపాటు అలాగే చేశాను. నూటికి మూడు వచ్చేవి. కుజిరాయి మేడమ్ మైక్రోస్కోపు ముందే భోజనం డబ్బా తెరిచి, తినకుండానే మూసేసేది.

ఒకరోజు పారబోస్తున్న నీళ్ళు చూస్తూ అనుకున్నాను. ఇవి ఇందులో రెండు రోజులు బతికాయి. ఇందులోనే ఏడ్చాయి, ఇందులోనే మారడం మొదలెట్టాయి. పక్కవాటికి చెప్పాల్సినవన్నీ ఇందులోనే చెప్పి ఉంటాయి. ఉన్న పళాన అంతా తీసి కాలవలో పోస్తే పాపం వీటికి దిక్కెవరు? మరి వంటమనిషి బుర్ర కదండీ, అంతకంటే ఎలా ఆలోచిస్తుంది?

మేడమ్‌తో చెప్పాను. అవునండీ, చెప్పాను! నవంబరు, మంగళవారం, సాయంత్రం నాలుగింటికి. "మేడమ్, ఈ నీళ్ళు మొత్తం మార్చొద్దేమో. సగం ఉంచితే..." అన్నాను. అంతే అన్నాను, తవుడు గురించి ఇంకా ఎత్తనే లేదు. పొద్దున్నుంచీ ఏం తిట్లు తిందో ప్రొఫెసర్ గారితో, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నా వైపు చూడకుండానే, "ఇనుయి గారూ, దయచేసి రాసినట్టే చెయ్యండి. ఇది వంటిల్లు కాదు" అంది.

పక్కన ఇద్దరు విద్యార్థులున్నారు. ఒకడు కిసుక్కుమన్నాడు.

చిన్న మాటే. మీరు రోజూ ఎవరో ఒకర్ని అలా అంటూనే ఉంటారు, మర్చిపోతూనే ఉంటారు. తనూ అయిదు నిమిషాల్లో మర్చిపోయింది. సాయంత్రం వెళ్తూ వెళ్తూ నాకు వేడి కాఫీ డబ్బా కొనిచ్చింది కూడా. నేను "అయ్యో, ఎందుకు మేడమ్" అని రెండు చేతులతో పుచ్చుకున్నాను. ఇంటికెళ్ళి సింకులో పోశాను.

మర్నాటి నుంచి సగమే మార్చాను.

ఏంటలా చూస్తున్నారు? విన్నారు కదా. సగం తీసి, సగం ఉంచి, కొత్తవి సగం పోసి. మందు పాళ్ళు తప్పకుండా చూసుకున్నాను, పద్దెనిమిది వందల మందికి ఉప్పు కొలిచిన చెయ్యి ఇది. మూడు వారాలకి డిష్ తీసి చూస్తే... చెప్పాగా, అరిచానని.

సరిగ్గా నేను సగం మొదలెట్టిన వారమే మేడమ్ నాలుగో మందు కొత్త కంపెనీది వాడింది. ఇంకేం, ఘనత అంతా ఆ మందుకే పోయింది. వ్యాసమంతా దాని పొగడ్తే. ఆ మందుకి నోరుంటే సిగ్గుపడి చచ్చేది.

అప్పుడెందుకు చెప్పలేదనా? ఎవరడిగారండీ! నోటుపుస్తకంలో రోజూ రాయాలి కదా, తేదీ, డిష్ నంబరు, "నీళ్ళు మార్చడం: పద్ధతి ప్రకారం", పక్కన నా పేరు ముద్ర. ఎర్ర సిరాతో, టప్. మూడేళ్ళు, టప్, టప్. అవిగో, మీ ముందున్నవే ఆ పుస్తకాలు, పదకొండు. నా ముద్రే. ఒక్కటి కూడా వంకరగా పడలేదు చూడండి.

మొదట్లో భయపడి చెప్పలేదు, రాసినట్టు చెయ్యలేదని తిడతారని. తర్వాత సంతోషం వేసి చెప్పలేదు. కొత్తగా వచ్చిన ప్రతివాడూ చేసి చూసి, రాక, నా దగ్గరికొచ్చేవాడు. "ఇనుయి గారివి బంగారు చేతులు" అనేవారు. చేతులు! ఆ చేతులకి పైన ఒక తల ఉందని ఎవరికీ తట్టలేదు. తట్టలేదు కదా, ఉండనీ అనుకున్నాను.

తర్వాత్తర్వాత ఇంకో ఆలోచన వచ్చింది. ఇది నా ఒక్కదానికే వస్తుంది. నన్ను పంపిస్తే వీళ్ళ పని ఆగిపోతుంది. కాబట్టి పంపరు. పదేళ్ళు దాటనిస్తారు. చర్మాన్ని నరం చేసినవాళ్ళకి, కాంట్రాక్టు ఆడమనిషిని పర్మినెంటు చెయ్యడం ఎంతసేపు? చట్టంలో కూడా దాన్ని మార్పిడి అనే అంటారు, ఆఫీసువాళ్ళిచ్చిన కాగితంలో చదివాను. నాకు పసితనం కూడా అక్కర్లేదు, నేరుగా చెయ్యొచ్చు.

మార్చి ముప్ఫై ఒకటిన పూలగుత్తి ఇచ్చారు. చదరపు అట్ట మీద అందరూ చుట్టూ రాసిచ్చారు. "బంగారు చేతులకు వందనాలు" అని మధ్యలో మునకతా గారి దస్తూరి. వ్యాసంలో నా పేరు ఎక్కడుందో వెతికారా? వెతక్కండి, లేదు. ఆఖర్న చిన్న అక్షరాల్లో "సిబ్బంది సహకారానికి కృతజ్ఞతలు" అని ఉంది. ఆ సిబ్బందిని నేను.

జూలైలో వచ్చింది మా ఇంటికి.

కుజిరాయి మేడమ్. వానలో, మిఠాయి పెట్టె పట్టుకుని. మనిషి సగమైపోయింది. బట్టలు హ్యాంగరుకి వేసినట్టున్నాయి. లోపలికి రమ్మంటే, వచ్చి చాప మీద కూర్చుని, నుదురు నేలకి ఆనించింది. నాకు! "ఇనుయి గారూ, నేనేం తప్పు చేస్తున్నానో చెప్పండి. మీరు చేసినట్టే చేస్తున్నాను. రావడం లేదు. మీరేమైనా వేరుగా చేసేవారా? ఏదైనా సరే, ఎంత చిన్నదైనా సరే" అంది.

చెప్పొచ్చు కదండీ? ఒక్క మాట. "సగం." గొంతుదాకా వచ్చింది కూడా.

"నేనేం చేస్తానమ్మా," అన్నాను. "రాసినట్టే చేశాను. అది వంటిల్లు కాదు కదా."

ఆ మాట అని, మొహంలోకి చూశాను. గుర్తొస్తుందేమో, సిగ్గుపడుతుందేమో, అప్పుడు చెబ్దాం అని. గుర్తు రాలేదు. అసలు గుర్తే లేదండీ! "అవునవును, నిజమే" అని తలూపింది, బుద్ధిమంతురాల్లా. నేను మూడేళ్ళు మోసిన మాట తనకి తెలియను కూడా తెలియదు.

ఏం చెయ్యను? బార్లీ టీ పోశాను, వంకాయ ఊరగాయ కోసి పెట్టాను. నాలుగు రోజుల నుంచీ సరిగ్గా తిన్నట్టు లేదు, పళ్ళెం ఖాళీ చేసింది. "ఇంత బాగా ఎలా వస్తుంది? మా అమ్మ చేస్తే చేదొస్తుంది" అంది. కుండ తెచ్చి చూపించాను. అంతా చెప్పాను. కొత్త తవుడు ఎంత కలపాలి, పాతది ఎందుకు మొత్తం పారబొయ్యకూడదు, సగం ఎందుకు ఉంచాలి, పాతది కొత్తదానికి ఏం చెప్తుంది... అన్నీ. మా అత్తగారు చెప్పినట్టే. తను సంచీలోంచి చిన్న పుస్తకం తీసి రాసుకుంది! "పాతది సగం ఉంచాలి" అని రాసి కింద గీత కూడా గీసింది, నా కళ్ళ ముందే. రాసుకుని పుస్తకం మూసి సంచీలో పెట్టుకుంది.

నేను చూస్తూ కూర్చున్నాను. ఇప్పుడు తడుతుంది, ఇదిగో ఇప్పుడు తడుతుంది అని. గొడుగు తీసుకుంది. చెప్పులు వేసుకుంది. గుమ్మంలో మళ్ళీ వంగి, "మీకు శ్రమ ఇచ్చాను" అంది. వీధి మలుపు తిరిగేదాకా నిలబడ్డాను. ఒక్కసారి కేకేస్తే వినపడేంత దూరమే.

కేకెయ్యలేదు.

ఆ పూట కుండ కలపబుద్ధి కాలేదు. మర్నాడూ అంతే. చెయ్యి పెడదామని మూత తీస్తే ఆ పిల్ల గీసిన గీతే కనిపించేది. ఎండాకాలం కదా, తవుడు ఆగుతుందా? వారానికి తెల్ల బూజు. రెండో వారానికి నల్లది. మూడో వారం మూత తీస్తే ఇల్లంతా కుళ్ళు కంపు. భూకంపాన్ని దాటిన కుండ అండీ. మా అత్తగారి అత్తగారి చెయ్యి ఉంది అందులో. చెత్త పట్టుకెళ్ళే రోజున రెండు సంచుల్లో కట్టి, తడి చెత్తలో పెట్టొచ్చాను. మొత్తం. పిసరు కూడా మిగల్చకుండా.

ఆ తర్వాత కూడా రెండు నెలలు నోరు మూసుకునే ఉన్నాను, అదీ రాసుకోండి. మీ పిలుపు కాగితం వచ్చేదాకా. కాగితం రాకపోతే ఇవాళ కూడా ఇంట్లో కూర్చుని టీవీ చూస్తూ ఉండేదాన్నేమో. నేను మంచిదాన్నని అనుకోకండి.

కాబట్టి అదండీ. ఆ అమ్మాయి అబద్ధం రాయలేదు. తనకి తెలిసింది రాసింది. అబద్ధం రాసింది నేను, రోజూ, ముద్ర వేసి మరీ. కావాలంటే రెండు డిష్‌లు ఇప్పించండి. మూడు వారాలు మీరు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చోండి. చర్మం నరం కాకపోతే అప్పుడు అడగండి. ఒక్కటే ఇబ్బంది, లోపలికెళ్ళడానికి నా కార్డు పనిచెయ్యదు.

ఏమిటి? ఆ డబ్బా ఎందుకు ఆపారు?

ఓహో. నా మంచి కోసమా. ఇది రికార్డులోకి వెళ్తే తప్పంతా నా మీద పడుతుందా? తప్పుడు నమోదు, ఉద్దేశపూర్వకంగా దాచడం... ఏమేం సెక్షన్లున్నాయో అన్నీనా? ఇంటికెళ్ళి ఆలోచించుకుని, లాయర్ని తీసుకుని, వచ్చే వారం రమ్మంటారా? మీరు మంచివారండీ, ఎబిసావా గారూ. కాంక్రీటు మనిషి అని ఊరికే అన్నాను, మనసులో పెట్టుకోకండి.

కానీ ఆన్ చెయ్యండి. చెయ్యండి బాబూ. పదేళ్ళలో మొదటిసారి ఈ బిల్డింగులో ఎవరో నేను చెప్పింది రాసుకుంటున్నారు. మధ్యలో ఆపితే ఎలా?

నివేదికలో పేర్లు ఏ వరసలో వేస్తారు? తప్పు చేసినవాళ్ళ పేరు మొదటా? అయితే నాదే మొదటన్నమాట! మునకతా గారికంటే ముందు. వ్యాసంలో కాకపోతే మానె, ఇక్కడైనా వచ్చింది. ఇనుయి, తొమీ. అక్షరం తప్పు పోకుండా చూడండి.

కుజిరాయి మేడమ్‌కి మీరే చెప్తారా? చెప్పండి. తన చిన్న పుస్తకంలో, జూలై పేజీలో, కింద గీత గీసి ఉంటుంది, అది చూసుకోమనండి. చూసుకున్నాక నన్నేమన్నా పడతాను.

ఎక్కడ ముద్ర వెయ్యాలి? ఇక్కడా? ముద్ర తెచ్చుకున్నాను, అలవాటు కదా, సంచీలో ఎప్పుడూ ఉంటుంది. మీ దగ్గర ఎర్ర సిరా ఉందా? నాది ఎండిపోయింది, మార్చి తర్వాత వాడే పని పడలేదు.